ఎవరూ ముట్టని చెంబు

బాన్సువాడలో ముత్తెన్న "థూ" అనడం వినని చెవి లేదు. పొద్దున లేస్తే పక్కింటి ముంగిట్లో కోళ్ల రెట్టను చూసి ఒకసారి, అంగట్లో బెల్లం దిమ్మెల మీద ఈగలను చూసి ఒకసారి, పెండ్లి బంతిలో పక్కవాడు చారు జుర్రుతుంటే విస్తరి వదిలేసి లేచిపోయి గోడ అవతల ఒకసారి. ఆయన వట్టి నోటితో ఉమ్మేవాడు కాదు. ముందు ముక్కుపుటాలు విప్పారేవి, పైపెదవి పైకి ముడుచుకునేది, ఊపిరి బిగబట్టి మొహం పక్కకు తిప్పేవాడు, ఆ తర్వాతే థూ. ఆ మొహం చూసిన ఎదుటివాడు తన ఒంటికి ఏమంటిందోనని తన్ను తాను తడుముకునేవాడు.

ఇది మడి అనుకునేరు, కాదు. ఆయన రోతకు కులం లేదు, గోత్రం లేదు. తోడబుట్టిన అక్క ఇంట్లోనే గుక్కెడు మంచినీళ్లు ముట్టేవాడు కాదు. ఆ అక్క పేరు గంగమణి. మొగుడు పోయాక బజారులో ఒక చిన్న ఇంట్లో బీడీలు చుట్టుకుంటూ బతికేది. చేతులకు తంబాకు వాసన ఇంకిపోయింది. దవడ కింద కూడా ఎప్పుడూ ఇంత తంబాకు ఉండేది. తమ్ముడు గడప దగ్గరే నిలబడి ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకుని మాట్లాడి పోతుంటే, "నీ ముక్కు కోసి దండెం మీద ఆరేస్త ఒకనాడు" అనేది గంగమణి. ఆమె కూడా తక్కువది కాదు మరి.

లోకంలో ముత్తెన్న నమ్మింది ఒక్కటే, తన ఇత్తడి చెంబు. సన్నని మెడ, ఇంత లావు కడుపు. రోజూ బూడిద పెట్టి తనే తోముకునేవాడు. పొలానికి పోయినా, పొరుగూరికి పోయినా అది భుజానికి వేలాడాల్సిందే. దాన్ని ఇంకొకరు ముట్టుకుంటే ఇల్లు పీకి పందిరి వేసేవాడు. పెండ్లాం శారదమ్మ, "మీ చెంబు మీరే తోముకోండ్రి, నాకు ఒక పని తప్పింది" అని నవ్వేది.

శారదమ్మ ఉన్నన్నాళ్లూ ఆయన రోత వీధుల్లోనే తిరిగింది. ఆమె జ్వరంతో పోయాక ఇంట్లోకి వచ్చి కూర్చుంది. ఏడాది తిరక్కుండానే కొడుకు దేవిదాస్‌కు పిట్లం నుంచి ప్రేమల అనే పిల్లను చేసుకొచ్చారు. వంటిల్లు కోడలి చేతికి వచ్చింది. అప్పటినుంచి నీళ్లు వాసన కొట్టడం మొదలైంది. ఏదో పాచి వాసన, నాలుక మీద జిగటగా అంటుకునేది. అన్నం తినేటప్పుడు నోట్లో వెంట్రుకలు తగిలేవి.

సరిగ్గా అదే కాలంలో ముత్తెన్న రెండు కండ్లకూ మోతిబిందు పొర దిగింది. కాలువ కింది వరిమడి పచ్చగా కాక బూడిదరంగుగా కనిపించేది. మనుషులు గొంతులుగా మిగిలిపోయారు. పొర ముదిరినకొద్దీ రోత కూడా ముదిరింది. కనిపించే మురికినైతే తప్పుకుని పోవచ్చు, కనిపించని మురికి నుంచి ఎక్కడికి పోతాడు? ముద్ద నోట్లో పెట్టుకుంటే అందులో ఈగ ఉందనిపించేది. మెతుకు పలుకుగా తగిలితే పురుగనిపించేది. సగం తిని చేయి కడిగేసుకునేవాడు. పక్కటెముకలు లెక్కపెట్టేటట్టు తేలాయి.

"గీ నీళ్లల్ల ఏం కలిపినవ్ పిల్లా? కుండ ఎన్నడు కడిగినవ్?" అనేవాడు.

"పొద్దుగాలే కడిగిన మామా."

"కండ్లు లేవని ఆటలాడుతున్నవా? థూ! పాచి కంపు కొడుతున్నది. నాకు కండ్లు రానీ. నా కండ్లతోని నీ కుండల చూస్త. పాచి కానొచ్చిందనుకో, నిన్ను పిట్లంల దిగబెట్టి వీనికి ఇంకో పిల్లను చూస్త."

ఇది ఉత్త మాట కాదని ప్రేమలకు తెలుసు. మామ అన్నంత పనీ చేసే మనిషి, దేవిదాస్ తండ్రి ముందు నోరు విప్పని మనిషి. పిట్లంలో ఆమెకు తల్లి లేదు. ఉన్నది అన్నావదినలు. తిరిగి వచ్చిన ఆడపిల్లను వదిన ఏ మూల కూర్చోబెడుతుందో ఆమె ఊహించుకోగలదు. అందుకని కుండను రోజూ రెండు పూటలా తోమేది. అయినా నీళ్లు వాసన అనడం మామ ఆపలేదు.

ఎడమ కన్ను పోయిన కథ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అంగడినాడు మరాఠీ సీమ నుంచి ఒకడు వచ్చి, చింతచెట్టు నీడలో గుడ్డ పరిచి, "కంట్లె పొర సూదితోని తోస్త" అని కూర్చున్నాడు. ముత్తెన్న వాడి ముందు కూర్చుని, "సూది మంచిగున్నదా?" అని అడిగాడట. వాడు సూదిని ఆయన మొహం ముందు ఆడించి, "చూడు బాబా, అద్దం లెక్క ఉన్నది" అన్నాడు. కనిపిస్తే కదా చూడడానికి! వాడు ఆ సూదిని నోట్లో పెట్టి తడిపి, పంచెకు తుడిచి, కంట్లో గుచ్చాడు. చుట్టూ నిలబడ్డ వాళ్లంతా చూశారు, ఒక్కడూ అడ్డం చెప్పలేదు. అప్పటికప్పుడు వెలుగు కనిపించింది కూడా. ముత్తెన్న ఎగిరి గంతేసినంత పని చేశాడు. నాలుగు దినాలకు కన్ను పొంగి చీము కారింది. ఆ నొప్పిలో ఎవరేం చెబితే అది వేయించుకున్నాడు, ఉల్లిగడ్డ రసం, బాలింత పాలు, ఇంకా చెప్పకూడనివి కూడా. ఎవరి ఎంగిలీ ముట్టని మనిషి కంట్లో ఊరి ఎంగిలంతా పడింది. ఛీ! చివరికి ఆ కన్ను ఉడికిన గుడ్డులా తెల్లబడి ఊరుకుంది.

మిగిలింది కుడి కన్ను. నిజామాబాద్‌లో ఒక దవాఖానకు కండ్ల డాక్టరు వచ్చాడని, కోసి పొర తీస్తున్నాడని దేవిదాస్ విని వచ్చాడు. జర్మనోళ్ల లడాయి మొదలైన ఏడు, చలికాలం అది. చెరుకు కొట్టే పని మీద దేవిదాస్ కదలలేడు. ప్రేమల తను వెంట ఉంటానంది.

"ఆమె చేతి నీళ్లు తాగుకుంట ఆడ పండుకోవాల్నా? గుడ్డిగనే చస్త" అన్నాడు ముత్తెన్న.

సంగతి విని గంగమణి బీడీల చాట అటక మీద పెట్టి, రెండు చీరెలు మూట కట్టుకుని వచ్చింది. "నడువు తమ్మీ, నేనొస్త" అంది. కాదనడానికి ముత్తెన్నకు ఇంకెవరూ మిగల్లేదు. మోటారు బస్సులో దారి పొడవునా తువ్వాల ముక్కుకు కట్టుకునే కూర్చున్నాడు. ఒక పక్క ఎవరిదో మేక, ఇంకో పక్క అక్క.

దవాఖానలో మొదటి అవమానం చెంబుకు జరిగింది. మంచం చూపించిన నర్సు దాన్ని చేతిలోకి తీసుకుని, మూతి దగ్గర ఒకసారి వాసన చూసి, "ఇది లోపలికి తేవద్దు, బయట పెట్టండి" అంది. గంగమణి దాన్ని గుడ్డలో చుట్టి, రోగుల వెంట వచ్చినవాళ్లు వండుకునే పందిట్లో ఒక వాసానికి వేలాడదీసింది. ముత్తెన్నకు ఒళ్లు మండిపోయింది. తన చెంబును వాసన చూస్తుందా! ఎందరి మూతులు తగిలాయో తెలియని దవాఖాన గ్లాసు పనికొస్తుంది గానీ, తను రోజూ తోముకునే చెంబు పనికిరాదా!

ఆపరేషన్‌కు ముందు రోజు ఆముదం తాగించారు. కడుపు ఖాళీ అయ్యేదాకా తిరిగి తిరిగి నీరసించాడు. ఆ దవాఖాన పాయఖానా గురించి ఆయన అన్న మాటలు రాయకపోవడం మంచిది. తలస్నానం చేయించారు. కనురెప్పల వెంట్రుకలు కత్తిరించారు. కంట్లో గంటగంటకూ చుక్కలు వేశారు. సాయంత్రం డాక్టరు వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"రేపు కోసి పొర తీస్తాను. తర్వాత రెండు కండ్లకూ కట్టు కడతాను. నేను చెప్పేదాకా వెల్లకిలా పడుకోవాలి, తల కదలకూడదు. దగ్గొద్దు, తుమ్మొద్దు, ఏదీ నమలొద్దు. అన్నిటికంటే ముఖ్యం, కక్కొద్దు. కడుపులోంచి గట్టిగా ఒక్క ఓకరింపు వచ్చిందంటే కోత విచ్చుకుంటుంది, కంట్లో ఉన్నది బయటికి వస్తుంది. నీకున్నది ఒక్క కన్ను. గుర్తుంచుకో."

ఆయన అవతలికి పోగానే గంగమణి చెంగు నోట్లో కుక్కుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. "ఓకరించకుండ ఉండుడా? నువ్వేనా? నీ అసుంటోనికి ఇసుంటి షరతు పెట్టిండేంది తమ్మీ!"

ముత్తెన్న నవ్వలేదు. ఓకరింపు లేని రోజు తన జీవితంలో ఏదైనా ఉందా అని గుర్తు చేసుకోబోయాడు, దొరకలేదు.

మర్నాడు బల్ల మీద పడుకోబెట్టి మందు చుక్కలు వేస్తే కన్ను మొద్దుబారింది. మనిషికి మాత్రం మెలకువే. "కిందికి చూడు, కదలకు" అన్నాడు డాక్టరు. ఏదో లాగినట్టు, తడిగా జారినట్టు అనిపించింది. ఉన్నట్టుండి తెల్లని వెలుగు, ఆ వెలుగులో డాక్టరు వేళ్లు. అంతలోనే దూది పెట్టి కట్టేశారు.

ఇక మొదలైంది అసలు బాధ. తలకు అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టారు. ఇన్నేండ్లుగా రోత పుడితే లేచి వెళ్లిపోవడమే ఆయనకు తెలిసిన మందు. ఇప్పుడు లేవకూడదు, ఉమ్మకూడదు, మొహం పక్కకు తిప్పకూడదు. ఆ పొడుగాటి గదిలో ఉన్న కంపులన్నీ ఒకటొకటిగా వచ్చి ఆయన ముక్కు మీద కూర్చున్నాయి. చీము వాసన, మందు నీళ్ల వాసన, ఉచ్చకుండల వాసన, ఎవరిదో పులిసిన అన్నం. పక్క మంచం మీద భిక్యా అని తండా మనిషి, ఆయనకూ కంటి ఆపరేషనే. దగ్గొద్దన్నారు గనుక గొంతులో కఫాన్ని మెల్లగా గురగురలాడించేవాడు. మింగుతాడా, ఉమ్ముతాడా అని ముత్తెన్న ఊపిరి బిగబట్టి వినేవాడు. మింగేవాడు. అబ్బబ్బ!

గంగమణి అంబలి తెచ్చి చెంచాతో నోటి దగ్గర పెట్టింది. చెంచా కంటే ముందు ఆమె వేళ్ల తంబాకు కంపు వచ్చింది. కడుపు అడుగు నుంచి ఒక అల లేచి గొంతు దాకా వచ్చింది. కట్టు కింద కన్ను సలిపింది. "వద్దక్కా... వస్తున్నది..." అని మూలిగాడు.

గంగమణి చప్పున ఆయన ముక్కు రెండు వేళ్లతో పట్టి మూసేసింది. "నోటితోని ఊపిరి తియ్. తియ్! చిన్నప్పుడు నీకు ఆముదం గిట్లనే తాపిన నేను. మింగు. ఆఁ... మింగు."

అల కిందికి దిగింది. అంబలి కూడా దిగింది. పక్క మంచం నుంచి భిక్యా, "మంచిగ మింగినవన్నా. నాకైతే నీ థూ ఎప్పుడొస్తదో అని భయమే అయ్యింది" అన్నాడు. నవ్వకూడదు గనుక ఇద్దరూ నవ్వలేదు.

ఆ వారంలోనే చివరి మంచం మీది పెద్దమనిషి దొంగతనంగా ముక్కుపొడి పీల్చాడు. ఒక్క తుమ్ము తుమ్మాడు. ఆ తర్వాత ఆయన పెట్టిన కేక గది గోడలకు కొట్టుకుని తిరిగింది. నర్సులు పరిగెత్తారు, డాక్టరు వచ్చాడు. కన్ను దక్కలేదని గంగమణి చెవిలో చెప్పింది. అప్పటినుంచి అంబలి వచ్చే వేళకు తనే అక్క వేళ్లను తడిమి తెచ్చి తన ముక్కు మీద పెట్టుకునేవాడు.

అన్నిటికంటే హీనం మంచం మీదనే కాలకృత్యాలు. గంగమణి పళ్లెం పెట్టేది, తీసేది, కడిగేది, తడిగుడ్డతో తుడిచేది. మొదటి రోజు ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. రెండు మూడు రోజులకు ఉండబట్టలేక అడిగాడు.

"నీకు రోత పుట్టదా అక్కా?"

"ఎందుకు పుట్టదు? కడుపుల తిప్పుతది. బయటికి పోయి ఇంత తంబాకు ఏసుకుంట. మల్లొస్త."

"మరి ఒక్కనాడన్న అనలేదు."

"అంటే ఏమైతది? నీ కింది పళ్లెం దానంతట అది లేసి పోతదా?" అని ఆమె పళ్లెం తీసుకుని వెళ్లిపోయింది.

ఆ రోజుల్లో ముత్తెన్నకు ఒక సంగతి గట్టిగా తట్టింది. దవాఖాన గ్లాసులో నీళ్లు వాసన రావడం లేదు. జిగట లేదు, పాచి లేదు. వట్టి నీళ్లు. అక్క తంబాకు చేతులతో తెచ్చిన నీళ్లే ఇట్లా ఉంటే, ఇంటి నీళ్లకు ఏం రోగం? కోడలి కుండే! ఇన్నాళ్లూ అనుమానం, ఇప్పుడు రుజువు. చూడ వచ్చిన దేవిదాస్‌తో అదే చెప్పాడు.

"ఈడ నీళ్లు మంచిగున్నయి. అంటే తప్పు ఎవలది? కండ్లద్దాలు రానీ, మొదాలు కుండల చూస్త. పిల్లకు బట్టలు సదురుకొమ్మని చెప్పు."

గంగమణి ఏదో అనబోయింది. "తల కదిలియ్యకు, కోపం చేయకు" అని మాత్రం అంది.

కట్టు విప్పిన రోజున వెలుగు నీళ్లలా వచ్చి పడింది. డాక్టరు చేతి వేళ్లు మసకగా లెక్కపెట్టగలిగాడు. కన్ను దక్కింది. కండ్లద్దాలు పెట్టుకునేదాకా ఇంతేనని, ఎండలు ముదిరాక రమ్మని చెప్పి, కంటి మీద పచ్చగుడ్డ వేలాడదీసి పంపించారు. ఇంటికి రాగానే మూలన గోడకున్న తన గూటానికి చెంబు తగిలించుకున్నాడు. నీళ్లు తాగాడు. అదే కంపు! "థూ!" అన్నాడు, ఇన్నాళ్ల బాకీ తీరేలా. వంటింట్లో ప్రేమల చేతిలోని గంటె జారి పడింది.

ఎండలు ముదిరాయి. దేవిదాస్ వెంట నిజామాబాద్ పోయి అద్దాలు పెట్టుకుని వచ్చాడు. సీసా అడుగు అంత మందం అద్దాలు. వాటిలోంచి చూస్తే ప్రతిదీ ఉన్నదానికంటే పెద్దగా, మీదికి వచ్చినట్టుగా ఉంది. కొడుకు గడ్డంలో తెల్ల వెంట్రుక కనిపించింది. వీధిలో గేదె ముట్టె మీద ఈగ కాళ్లు కనిపించాయి. బస్సు దిగి, కాళ్లు కూడా కడుక్కోకుండా నేరుగా వంటింట్లోకి నడిచాడు. అప్పటికే గంగమణి వచ్చి గడప మీద కూర్చుని ఉంది. ప్రేమల గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె పక్కన ఒక బట్టల మూట నిజంగానే కట్టి ఉంది.

ముత్తెన్న కుండ మూత తీశాడు. నీళ్లలోంచి అడుగు కనిపించింది, ఎర్రగా, నున్నగా. వేలు పెట్టి లోపలి అంచు పొడవునా రాశాడు. వేలిని అద్దాల ముందుకు తెచ్చుకున్నాడు, వాసన చూశాడు. ఏమీ లేదు. గంటె చూశాడు, పళ్లాలు తిరగేసి చూశాడు, పొయ్యి వెనక చూశాడు, ఉట్టి దించి చూశాడు. మసి ఉంది, ఏ వంటింట్లో ఉండదు? పాచి లేదు. వెంట్రుక లేదు. వెతికినకొద్దీ ఆయనకు కోపం పెరిగింది. నిన్నటి దాకా కొట్టిన కంపు ఎక్కడికి పోయింది? తను వస్తున్నానని ఇవ్వాళే కడిగిందా?

గొంతు ఎండింది. మూలకు పోయి గూటం నుంచి చెంబు తీసుకున్నాడు. పైన తళతళలాడుతోంది, తన చేతి పనే కదా. కుండలో ముంచబోతూ, గవాక్షంలోంచి ఎండ పడుతున్న చోట ఆగి, లోపలికి చూశాడు.

లోపల ఆకుపచ్చగా, నల్లగా, మందంగా పాచి. గోడల నుంచి జిగురు తీగలుగా వేలాడుతోంది. అడుగున మట్టి, కాళ్లు ముడుచుకుని చచ్చిన పురుగు. ఆ జిగురుకు అంటుకుని పొట్టి పొట్టి తెల్ల వెంట్రుకలు. తన మీసం వెంట్రుకలు! అద్దాలు వాటిని చీపురు పుల్లలంత చేసి చూపించాయి. ఇన్నేండ్లు ఇందులోంచే, రోజూ, కడుపు నిండా!

ఈసారి ముక్కు మూసే అక్క పక్కన లేదు, వద్దనే డాక్టరు లేడు. పెరట్లోకి పరిగెత్తి, గోడ పట్టుకుని, పేగులు నోట్లోకి వచ్చేలా కక్కాడు. కక్కుతూనే ఒక చేత్తో అద్దాలు పట్టుకున్నాడు.

తిరిగి వచ్చేసరికి అందరూ ఉన్నచోటనే ఉన్నారు. "నేను రోజూ తోముదును గద" అన్నాడు.

"పైన తోముదువు" అంది గంగమణి. "గా సన్నమెడల నీ చెయ్యి ఏడ పడతది? లోపల శారద తోమేది, పుల్లకు పీచు కట్టి, చింతపండు ఏసి. నువ్వు పొలం పోయినంక. నీకు చెప్తే ఊకుందువా?"

"నేను ఒక్కసారి తోమబోయిన మామా" అంది ప్రేమల మెల్లగా. "నువ్వు గుంజుకొని గోడకు కొట్టినవు."

చెంబు కడుపు మీద ఆ సొట్ట ఉంది. అది రోజూ ముత్తెన్న వేలికి తగులుతూనే ఉంది. తర్వాత చెంబును కోడలి వైపు చాపాడు.

"జర... తోమియ్యి బిడ్డా."

ప్రేమల వెంటనే అందుకోలేదు. లోపలికి ఒకసారి చూసింది. ఆమె ముక్కుపుటాలు విప్పారాయి, పైపెదవి పైకి ముడుచుకుంది, ఊపిరి బిగబట్టి మొహం పక్కకు తిప్పింది. కొంగు చేతికి చుట్టుకుని, రెండు వేళ్లతో చెంబు మెడ పట్టుకుంది. ముత్తెన్న అంత దగ్గరగా, అంత పెద్దగా ఆ మొహం చూశాడు. ఊరందరూ ఇన్నేండ్లు తనలో చూసిన మొహం అదే. అది ఎదుటివాడికి ఎట్లా తగులుతుందో ఇవ్వాళ తెలిసింది.

ఆమె పెరట్లో నీళ్ల గోలెం దగ్గర కూర్చుని చింతపండు వేసి, పుల్లతో చాలాసేపు రుద్దింది. నల్లటి నీళ్లు కాలువ కట్టి పారాయి. అవి తెల్లగా మారేదాకా ముత్తెన్న పక్కనే నిలబడ్డాడు, ఉమ్మలేదు. తర్వాత ఆమె కుండలో చెంబు ముంచి తెచ్చి ఇచ్చింది.

"కుండ నీళ్లేనా?"

"గా కుండ నీళ్లే మామా."

ఎత్తిపెట్టి చెంబు ఖాళీ అయ్యేదాకా తాగాడు. ఏ వాసనా రాలేదు. చెంబు దించి చూసేసరికి ప్రేమల తన చేతులను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది, మొహం చిట్లించి మళ్లీ గోలెం దగ్గరికి పోయి కడుక్కుంది.